పదమూడో ఎక్కం పరుగు: విశాఖలో నా ట్రయథ్లాన్ రోజులు

మా ట్రయథ్లాన్ జట్టులో మంగళ, శుక్రవారాల పొద్దుటి పరుగుకి ‘ఎక్కం పరుగు’ అని పేరు. ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి లాసన్స్ బే దాకా వెళ్ళి తిరిగి రావాలి. దారిలో మా కోచ్ సార్ స్కూటీ మీద పక్కకొచ్చి, ఎవరో ఒకరి వైపు చూసి ‘పదమూడో ఎక్కం’ అనేవారు. ఆ ఒక్కరూ కాళ్ళు ఆపకుండా, మాట తెగకుండా పదమూడు పదుల దాకా అప్పజెప్పాలి. ఎక్కం తప్పినా ఏమీ అనేవారు కాదు. రొప్పితే మాత్రం వేగం ఎక్కువైనట్టు లెక్క. అప్పుడు జట్టు మొత్తం వేగం తగ్గించాలి.

నాకు అదొక శిక్షలా ఉండేది. కాళ్ళలో బలముంది, పక్కన సముద్రపు గాలి, ముందు ఖాళీ రోడ్డు. పరుగెత్తనివ్వకుండా ఎక్కాలేమిటని లోపల ఉడికిపోయేదాన్ని. అది ఎందుకో తెలియడానికి మూడేళ్ళు పట్టింది, కాలి ఎముక చిట్లింది. ఇప్పుడు పిల్లల్ని ట్రయథ్లాన్‌లో చేరుస్తున్న అమ్మానాన్నలు నన్ను అడిగినప్పుడల్లా ముందు ఈ ఎక్కం సంగతే చెబుతాను. అందుకే ఇక్కడ కూడా దానితోనే మొదలుపెట్టాను.

2013 ఎండాకాలం సెలవుల్లో బీచ్ రోడ్డులోని ఈతకొలనులో నన్ను ఈతకి చేర్పించారు. మా ఇల్లు మహారాణిపేట, నాన్న పోర్టులో ఉద్యోగి. సెలవులు అయిపోయాక కూడా నేను మానలేదు. అక్కడే సార్ కంటపడ్డాను. నేవీలో చేసి రిటైరైన మనిషి. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, టైముకి మాత్రం ఒక్క నిమిషం ఇటూ అటూ ఉండేది కాదు. ‘నీకు సైకిల్ వచ్చా అమ్మా?’ అని అడిగారు. వచ్చన్నాను. ‘అయితే ఆదివారం తెచ్చుకో’ అన్నారు. అంతే, చేరిపోయాను.

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగకుండా. ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. జూనియర్లకి అందులో సగం. అంతకంటే చిన్నవాళ్ళకి ఇంకా తగ్గిస్తారు, తగ్గించాలి కూడా. ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో, సిడ్నీలో. నేను పుట్టిన ఏడాదే.

జట్టులో మేం ఏడుగురం. గాజువాక నుంచి వచ్చే అబ్బాయి పొద్దున నాలుగింటికే లేచేవాడు. జాలారిపేట కుర్రాడికి నడక కంటే ముందు ఈత వచ్చిందని వాళ్ళ తాతే చెప్పేవాడు. ఎంవీపీ కాలనీ అన్నదమ్ములిద్దరు. మా అందరికంటే పెద్దది మద్దిలపాలెం అక్క. ఇంకో అమ్మాయి నా ఈడుదే, సైకిల్ మీద నన్ను ఎప్పుడూ దాటిపోయేది. ఖరీదైన సైకిళ్ళు ఎవరికీ లేవు. నాది రెండో చేతి గేర్ల సైకిల్, హ్యాండిల్ టేపు చిరిగిపోతే నాన్న పాత దుప్పటి అంచు చుట్టి కుట్టారు. హెల్మెట్ విషయంలో మాత్రం సార్ ఒప్పుకునేవారు కాదు. సైకిల్ పాతది కొనుక్కోవచ్చు, హెల్మెట్ మాత్రం కొత్తదే కావాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా రెండోసారి కాపాడదు, పాతది కొంటే అది పడిందో లేదో మనకెలా తెలుస్తుంది?

కొలనులో పొద్దున అయిదుంబావుకి దిగేవాళ్ళం. నిజంగా చెప్పాలంటే కొలను ఈత గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పిడికిలి బిగించి ఈదడం, పలక పట్టుకుని కాళ్ళు ఆడించడం, మూడు చేతులకొకసారి అటొకసారి ఇటొకసారి ఊపిరి తీయడం, రోజూ అదే. ఎదుటివాళ్ళ కాళ్ళ వెనకే ఈదడం మాత్రం అక్కడ పట్టుబడింది. ముందున్న మనిషి నీళ్ళని చీల్చుకుంటూ పోతే వెనకవాళ్ళకి శ్రమ తగ్గుతుంది. కాలి వేళ్ళు తగలకూడదు, ఆ నురగ మాత్రం ముఖానికి తగులుతూ ఉండాలి. అక్క కాళ్ళ వెనక నేను ఎన్ని నెలలు ఈదానో! కళ్ళు మూసుకున్నా ఆవిడ కుడికాలి దెబ్బ ఎడమకాలి దెబ్బ కంటే గట్టిదని చెప్పగలను.

సముద్రం అలా కాదు. ఆర్కే బీచ్ దగ్గర సార్ మమ్మల్ని ఎప్పుడూ నీళ్ళలో దిగనివ్వలేదు. ఊరివాళ్ళందరికీ తెలుసు, ప్రాణాలు పోయే చోటది. నెలకి రెండు ఆదివారాలు రుషికొండ తీసుకెళ్ళేవారు, ఒడ్డున జాలారిపేట తాత తోడుండగానే. దిగేముందు పావుగంట సేపు కేవలం కూర్చుని నీళ్ళని చూడాలి. ఆ పావుగంటలో తాత నేర్పింది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కొత్తవాళ్ళు కెరటాలు లేని చోటు చూసి, ఇక్కడ నెమ్మదిగా ఉంది కదాని దిగుతారు. తాత అటు వేలు పెట్టి చూపించి, ‘అదే దొంగ సోటు. కెరటం ఇరగని కాడ కింద ఇసక లేదమ్మా, లోతు. వచ్చిన నీరంతా ఆ దారంటే ఎనక్కి ఎల్లిపోద్ది, నిన్ను కూడా అట్టుకుపోద్ది’ అన్నాడు. ఒకవేళ పట్టుకుపోతే ఏం చెయ్యాలని అడిగితే, ‘ఒడ్డుకి ఈదకు. ఒడ్డెంబడి ఈదు. పక్కకెల్లిపోతే అదే ఒగ్గేస్తాది’ అన్నాడు. ఈ రెండు ముక్కలూ విశాఖలో బడికెళ్ళే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ రావాలని నా కోరిక. ట్రయథ్లాన్ ఆడకపోయినా సరే.

ఇంకో చిట్కా చెబుతాను. సముద్రంలో కొలనులో ఉన్నట్టు అడుగున గీత ఉండదు, కాబట్టి ప్రతి ఆరేడు చేతులకొకసారి తల ఎత్తి చూసుకోవాలి. తల మొత్తం ఎత్తితే నడుము మునిగిపోతుంది. మొసలిలా కళ్ళు మాత్రమే నీటిపైకి తెచ్చి, మళ్ళీ దించి, పక్కకి తిప్పాకే ఊపిరి తీసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డునున్న మనుషుల్నో గొడుగుల్నో గుర్తు పెట్టుకోకూడదు, వాళ్ళు కదిలిపోతారు. వాళ్ళ వెనక కొండ మీదో, ఎత్తుగానో కనిపించేదాన్ని పట్టుకోవాలి. మొదటిసారి నేను ఎర్ర చీర కట్టుకున్న ఒకావిడని గుర్తు పెట్టుకుని ఈదాను. ఆవిడ మొక్కజొన్న పొత్తు కొనుక్కోవడానికి నడుచుకుంటూ పోయింది, నేనూ ఆవిడతో పాటే పక్కకి పోయాను. సార్ ఈలల మీద ఈలలు వేస్తూ ఒడ్డున పరుగెత్తుకొచ్చారు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. ఆ గాలి చప్పుడు గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. మర్నాడు బయటికొస్తే ఊళ్ళో నీడ లేదు. యూనివర్సిటీ చెట్లు, రోడ్ల పక్క చెట్లు, అన్నీ నేల మీద. కరెంటు లేదు, మంచినీళ్ళకి బిందెలతో వరసలు. సార్ మూడోరోజు ప్రతి ఇంటికీ నడుచుకుంటూ వచ్చి అందరం క్షేమమేనా అని చూసి వెళ్ళారు. ఆ వారం సాధనంటే కొమ్మలు లాగడం, నీళ్ళు మోయడం. జాలారిపేట వాళ్ళ పడవ విరిగిపోతే మేమందరం చెక్కలు ఏరి ఒకచోట పెట్టాం. కొలను చాలా రోజులు లేదు. మళ్ళీ బీచ్ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టిన రోజున ఎవరినీ ఎక్కం అడగలేదు సార్. అందరం మాట్లాడుకుంటూనే పరుగెత్తాం, ఎవరింట్లో ఏం పోయిందో చెప్పుకుంటూ.

సైకిల్ సాధన భీమిలి రోడ్డు మీద. ఒకరి వెనక ఒకరు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య మూరెడు దూరం. ముందున్నవాళ్ళు మిగిలినవాళ్ళకి కళ్ళు. గుంత వస్తే చేత్తో చూపించి ‘గుంత!’ అనాలి. ‘బండి!’, ‘కుక్క!’, ‘ఇసక!’ ఒక్కొక్క మాటే, వెనకదాకా ఒకరి నుంచి ఒకరికి అందాలి. మంగమారిపేట దాటాక ఒక మలుపులో గాలికి కొట్టుకొచ్చిన ఇసక ఉంది. ముందున్న నేను చూశాను. చూసి, అరవకుండా, దాని వైపే చూస్తూ ఉండిపోయాను. చక్రం అటే వెళ్ళింది. నా మీద ఎంవీపీ పెద్దబ్బాయి, వాడి మీద ఇంకో ఇద్దరు. మోచెయ్యి దోక్కుపోయి గులకలు లోపలికి దిగాయి. అక్క రోడ్డు పక్కన నన్ను కూర్చోబెట్టి, తాగే నీళ్ళు పోస్తూ, చేతిరుమాలు కొసని తడిపి మెలిపెట్టి ఒక్కొక్క రాయీ బయటికి తీసింది. తీసిన ప్రతి రాయినీ నా అరచేతిలో పెట్టింది. పదకొండు. ఏడుపు ఆపడానికే అలా పెట్టిందని తర్వాత అర్థమైంది, నేను లెక్కపెట్టడంలో పడిపోయాను. సార్ వచ్చి రెండే మాటలన్నారు: ‘ఇసక చూడకమ్మా, దారి చూడు. చూపు ఎటుంటే చక్రం అటే పోతుంది.’ ఇప్పటికీ స్కూటీ నడిపేటప్పుడు అది గుర్తొస్తుంది.

సముద్రపు ఊళ్ళో సైకిల్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఉప్పుగాలికి చైను వారంలో తుప్పుపడుతుంది. తిరిగొచ్చిన వెంటనే మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తడి తుడిచి, లింకు లింకుకీ నూనె చుక్క వేసి, ఎక్కువైనది తుడిచెయ్యాలి. మాకిది అయ్యాకే టిఫిన్.

సైకిల్ దిగి వెంటనే పరుగెత్తితే కాళ్ళు మనవి కావు. అరటి బోదెల్లా బరువుగా, ఎటో పోతున్నట్టుంటాయి. అది అందరికీ అలాగే ఉంటుందని ముందే చెబితే పిల్లలు భయపడరు. మొదటి అయిదొందల మీటర్లు అడుగు చిన్నది వెయ్యాలి, చేతులు త్వరగా ఆడించాలి, కాళ్ళు వాటంతటవే దారికొస్తాయి. శనివారాలు చిన్న చిన్న ముక్కలుగా ఇదే చేసేవాళ్ళం: మూడు కిలోమీటర్ల సైకిల్, ఎనిమిదొందల మీటర్ల పరుగు, మళ్ళీ సైకిల్. ఒక ఆట నుంచి ఇంకో ఆటకి మారే చోటు కూడా సాధన చెయ్యాల్సిందే. ఇంట్లో హాల్లో తువ్వాలు పరిచి, బూట్లలో పౌడరు చల్లి, హెల్మెట్ పట్టీలు విప్పి బోర్లా పెట్టుకుని, తడి జుట్టుతో బాత్రూమ్ నుంచి పరుగెత్తుకొచ్చేదాన్ని. అమ్మ పప్పు గరిట పట్టుకునే గడియారం చూసేది. అంత చేసినా చెన్నైలో ఒక పోటీలో హెల్మెట్ పట్టీ బిగించకుండానే సైకిల్ మీద చెయ్యి వేశాను. పట్టీ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి, సైకిల్ స్టాండులో పెట్టాకే పట్టీ విప్పాలి, ఇది నియమం. నన్ను ఆపి, సైకిల్ వెనక్కి పెట్టించి, పట్టీ బిగించుకున్నాకే వదిలారు. ఈతలో నేను దాటిన ఆరుగురూ నా కళ్ళముందే వెళ్ళిపోయారు.

ఇక చెప్పడానికి కష్టమైన భాగం.

2015 చివర్లో వేరే ఊళ్ళో ఒక శిబిరానికి నన్ను ఎంపిక చేశారు. అక్కడ నెమ్మది రోజన్నదే లేదు. ప్రతి ఉదయం పోటీయే, ప్రతి సాయంత్రం గోడ మీద టైములు రాసేవారు. మా సార్ దగ్గర మూడు వారాలు సాధన పెంచితే నాలుగో వారం తగ్గించడం ఉండేది, ఇక్కడ నాలుగో వారం ఇంకా పెంచారు. ఎక్కం చెప్పుకుంటూ పరుగెత్తిన పిల్ల కదా, మొదట్లో నా టైము బాగా తగ్గింది. అందరూ మెచ్చుకున్నారు. బరువు కూడా తగ్గింది, దాన్నీ మెచ్చుకున్నారు. ఇంట్లో పొద్దున చోడి అంబలి, సాధన అయ్యాక నాలుగు ఇడ్లీలు, బడికి వేరుశనగ ఉండ పట్టుకెళ్ళే దాన్ని. అక్కడ అన్నం సగం చేశాను, ఎవరూ అడగలేదు. మూడు నెలలు నెలసరి రాలేదు. తోటి అమ్మాయిలతో అంటే ‘నీ పని హాయి’ అన్నారు. నాకూ హాయిగానే అనిపించింది. అమ్మకి చెప్పలేదు.

జనవరిలో కాలి ముందు ఎముక మీద నొప్పి మొదలైంది. కండ నొప్పి అయితే అంతా పాకుతుంది. ఇది ఒకే చోట, వేలి కొనతో నొక్కితే అక్కడే ప్రాణం లేచిపోయేది. రాత్రి పడుకున్నా లాగేది. ఐసు పెట్టి పరుగెత్తమన్నారు. పరుగెత్తాను, మూడు వారాలు. ఇంటికొచ్చాక ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు, ఎంఆర్ఐలో కనిపించింది. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎముక ఒక్క దెబ్బకి విరగలేదు, ప్రతిరోజూ కొంచెం కొంచెం చిట్లింది. డాక్టరమ్మ కాలు చూడ్డం అయ్యాక అమ్మని బయట కూర్చోమని, నన్ను అడిగిన మొదటి ప్రశ్న ‘నెలసరి ఎప్పుడొచ్చింది?’ రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4, ఉండాల్సినదానికంటే తక్కువ.

శరీరం పెట్టే ఖర్చుకి సరిపడా తిండి లోపలికి వెళ్ళకపోతే, అది ముందు ఇలాంటి పనులు ఆపేస్తుందని ఆవిడ చెప్పారు. నెలసరి ఆగడం, ఎముక బలం తగ్గడం, రెండూ ఒకే తీగకి కాసినవి. 2014లోనే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దీనికి రెడ్-ఎస్ (ఆటల్లో శక్తి లోటు) అని పేరు పెట్టారు, మగపిల్లలకీ వస్తుందన్నారు. ఆడపిల్లల తల్లులకి చేతులు జోడించి చెబుతున్నాను: ఆటలాడే పిల్లకి నెలసరి వరసగా తప్పితే అది అలసట కాదు, అదృష్టం అసలే కాదు. సిగ్గుపడి ఊరుకోకండి, డాక్టరుకి చూపించండి. మీరే ముందు అడగండి, పిల్ల తనంతట తను చెప్పదు. నేను చెప్పలేదు.

పదో తరగతి పరీక్షలు చంకకర్రలతో వెళ్ళి రాశాను. సార్ ఇంటికొచ్చినప్పుడు, శిబిరం గురించి ఒక్క మాట అనలేదు. నాకేదో అంటారని గుండె దడదడలాడింది. అమ్మతో మాత్రం, ‘కాలు మానేదాకా పరుగు వద్దు, రోజూ ఆరింటికి పంపండి, జట్టుతో ఉంటుంది’ అన్నారు. ఆ నాలుగు నెలలూ నా పని స్టాప్‌వాచీ పట్టుకోవడం, సాధనకి ముందూ తర్వాతా అందరి బరువూ చూసి పుస్తకంలో రాయడం. కిలో తగ్గితే ఆ కిలో చెమట కింద పోయిన నీరే, లీటరున్నర దాకా కొంచెం కొంచెంగా తాగాలి. విశాఖ ఉక్కలో ఒక్క గంటకే కిలో పోయినవాళ్ళున్నారు. ఉప్పు, పంచదార, నిమ్మకాయ నీళ్ళు నేనే కలిపి పెట్టేదాన్ని. డాక్టరమ్మ ఒప్పుకున్నాక కొలనులో లోతు చోట నడుముకి బెల్టు కట్టుకుని, నేల తగలకుండా నీళ్ళలోనే పరుగెత్తేదాన్ని. పక్క వరసలో అక్క ఈదుతూ పోతూ ప్రతిసారీ నా వైపు నీళ్ళు చల్లేది.

ఆ సెప్టెంబరులో సార్ ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. 2016, మెక్సికోలోని కోజుమెల్, ప్రపంచ సిరీస్ ఆఖరి పోటీ. బ్రౌన్లీ అన్నదమ్ములు, ఒక నెల కిందటే రియో ఒలింపిక్స్‌లో బంగారం, వెండి తెచ్చుకున్నవాళ్ళు. ముందున్న తమ్ముడు జానీ ముగింపు గీతకి కొద్ది దూరంలో ఎండదెబ్బకి తూలిపోతాడు. వెనక నుంచి వచ్చిన అన్న అలిస్టర్ తన గెలుపు వదిలేసి, తమ్ముడి చెయ్యి భుజం మీద వేసుకుని లాక్కొచ్చి గీత దాటిస్తాడు. ఈలోగా దక్షిణాఫ్రికా ఆటగాడు హెన్రీ షూమన్ గెలిచేస్తాడు. మేమందరం ఏడ్చినంత పని చేశాం. ఎంవీపీ చిన్నాడు ‘అన్నంటే అలా ఉండాలి’ అని వాళ్ళన్న వైపు చూశాడు. సార్ వీడియో వెనక్కి జరిపి, తమ్ముడు తూలడానికి ముందు భాగం మళ్ళీ పెట్టారు. ‘ఇక్కడ చూడండి. వేగం లెక్క ఇక్కడ తప్పింది. తర్వాత వాళ్ళన్నే అన్నాడు, లెక్కగా పరుగెత్తుంటే గెలిచేవాడని. అన్న ప్రేమ ఎప్పుడూ ఉంటుంది. మోసుకెళ్ళే అవసరం రాకుండా చూసుకోవడం మన చేతిలో పని.’ అని నా వైపు చూడకుండానే ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

అప్పటికి నెలసరి మళ్ళీ సరిగ్గా వస్తోంది, హిమోగ్లోబిన్ పన్నెండు దాటింది. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలై అక్టోబరుకి అరగంట ఆగకుండా పరుగెత్తగలిగాను. ఆ తర్వాత ఎన్నాళ్ళో కొనసాగలేదు. ఇంటర్ రెండో ఏడాదిలో కాలేజీ వేళలకి లొంగిపోయి మానేశాను, అది వేరే బాధ. కానీ ఆ అక్టోబరు మంగళవారం నాకు ఇప్పటికీ నిన్నటిలా ఉంది. జట్టులో అందరికంటే వెనక నేను. నా కోసం గాజువాక అబ్బాయి వేగం తగ్గించుకుని పక్కనే వస్తున్నాడు. లాసన్స్ బే దగ్గర వెనక్కి తిరిగాం, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద వెలుగు పడుతోంది. తుపానుకి పోయిన చెట్ల చోట నాటిన మొక్కలు మా భుజాల ఎత్తుకొచ్చాయి. స్కూటీ చప్పుడు దగ్గరికొచ్చింది.

‘పదమూడో ఎక్కం’ అన్నారు సార్.

మొదలుపెట్టాను. పదమూడు రెళ్ళు ఇరవయ్యారు. పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది. కాలు నొప్పి లేదు. ఊపిరి సరిపోతోంది. పదమూడు ఎనిమిదులు నూట నాలుగు దగ్గర గొంతు పూడుకుపోయింది గాని అది రొప్పు కాదు, సార్‌కి తెలిసిపోయిందనుకుంటాను. పదమూడు పదులు నూట ముప్పై దాకా నా పక్కనే నడిపి, ‘బాగుందమ్మా’ అని, స్కూటీ ముందుకు పోనిచ్చి ఎంవీపీ చిన్నాడి పక్కకెళ్ళారు.